డిపెండెంట్ వీసా మీద వెళ్తున్నావా, ముందు ఈ సినిమా చూడు

మొన్న సంక్రాంతికి గుంటూరు వచ్చినప్పుడు మా పిన్ని కూతురు బ్రాడీపేట ఇంటికొచ్చి కూర్చుంది, పెళ్లయి రెండు నెలలు, హెచ్-4 (అమెరికాలో హెచ్-1బీ మీద ఉద్యోగం చేసేవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే డిపెండెంట్ వీసా) స్టాంపింగ్ అయిపోయింది, వచ్చే నెల డల్లాస్ ఫ్లైటు. అక్కా కుక్కర్ మూడు లీటర్లదా ఐదు లీటర్లదా, చింతపండు ఎన్ని కేజీలు అని ఒకటే ప్రశ్నలు. అన్నీ అక్కడ దొరుకుతాయే, గోంగూరతో సహా, కారం ఒక్కటి పట్టించుకెళ్లు (అక్కడిది ఎర్రగా ఉంటుంది, మంట ఉండదు), ఇంతకీ మీ ఆయన ఆఫీసుకెళ్లాక సాయంత్రం దాకా ఏం చేస్తావు అని అడిగా. తెల్లమొహం వేసింది.

అందుకే ఆ రాత్రి లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్ పెట్టి చూపించా. 2003 లో సోఫియా కొప్పోలా తీసింది, కథంటూ పెద్దగా ఉండదు, మా బాబాయ్ అయితే పావుగంటకే గురక. టోక్యోలో ఓ పెద్ద హోటల్, విస్కీ యాడ్ కోసం వచ్చిన వయసు మళ్లిన హీరో, పెళ్లయి రెండేళ్లయిన ఓ అమ్మాయి, మొగుడు ఫొటోగ్రాఫర్, అతను పనికి పోతే ఈవిడ కిటికీ దగ్గర కూర్చుని ఊరు చూస్తుంటుంది. ఇద్దరికీ రాత్రుళ్లు నిద్ర పట్టదు, అలా పరిచయం. ఆ అమ్మాయి ఇంటికి ఫోన్ చేసి ఏడుపు ఆపుకుంటూ మాట్లాడుతుంటే అవతల ఫ్రెండు ఒక్క నిమిషం ఉండు అంటుంది, అక్కడ మా పిల్ల ఫోన్ చూడటం ఆపేసింది.

నేను 2008 డిసెంబర్లో వెళ్లా. అక్కడ రాత్రి మూడు అంటే ఇక్కడ మధ్యాహ్నం రెండున్నర, అమ్మ తిని కునుకు తీసే టైము, లేపితే తిన్నావా అంటుంది, తిన్నా అంటా, అంతే ఇక ఇద్దరికీ మాటలుండవు. హెచ్-4 వాళ్లకి అప్పట్లో ఉద్యోగం చేసే వీల్లేదు, 2015 నుంచి ఇస్తున్నారు గానీ అదీ అందరికీ కాదు, మొగుడికి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే అప్లికేషన్) అప్రూవ్ అవ్వడం లాంటి లెక్కలున్నాయి. నిద్ర పట్టక అపార్ట్‌మెంట్ లాండ్రీ రూముకి బట్టలు పట్టుకెళ్తే ఘానా నుంచి వచ్చిన ఓ పెద్దావిడ, నైట్ డ్యూటీ చేసి అప్పుడే దిగేది, నా ఇంగ్లీషు ఆవిడకి అర్థమయ్యేది కాదు ఆవిడది నాకూ కాదు. ఓసారి షిటో అని నల్లటి కారం సీసా ఇచ్చింది, మూత తీస్తే అచ్చం మన ఎండు రొయ్యల కారం వాసన, అక్కడే నిలబడి ఏడ్చేశా. వేసవికి ఆవిడ వేరే ఊరెళ్లిపోయింది, నంబరు తీసుకోవాలని ఇద్దరికీ తోచలేదు.

కాబట్టి చెల్లీ, తెలుగు వాట్సాప్ గ్రూపులో చేరు, వద్దనను, పండగలకి పనికొస్తుంది. కానీ వెళ్లిన నెలలోనే డ్రైవింగ్ మొదలెట్టు, కారు లేకపోతే డల్లాస్లో కాళ్లు లేనట్టే, లైబ్రరీల్లో ఫ్రీగా ఇంగ్లీషు మాట్లాడించే క్లాసులుంటాయి, నీలాగే బిక్కమొహం వేసుకున్నవాళ్లే కనిపిస్తారు, పక్కన కూర్చో.

సినిమా చివర్లో ఆ హీరో ఆ అమ్మాయి చెవిలో ఏదో చెప్పి వెళ్లిపోతాడు, ఏం చెప్పాడక్కా అంది మా పిల్ల. మనకి వినపడదే అన్నా. పొద్దున్నే పిన్నితో కారం ఇంకో అరకేజీ పట్టించమంది.