గ్రూప్ కాల్‌లో అందరం కలిసి భజన పాడితే తాళం ఎందుకు తప్పుతుంది?

గొంతు అవతలి ఫోన్‌కు చేరడంలో జరిగే ఆలస్యం వల్ల తప్పుతుంది, పాడేవాళ్ల లోపం కాదు. ఫోన్ ధ్వనిని చిన్న ముక్కలుగా కుదించి పంపుతుంది. అవతలి ఫోన్ వాటిని కాస్త పోగుచేసుకున్నాకే వినిపిస్తుంది. ఇదంతా కలిసి తరచూ 150 నుంచి 300 మిల్లీసెకన్లు పడుతుంది. కలిసి పాడటానికి 30 దాటితేనే కష్టం. ఎదురుగా 10 మీటర్ల దూరంలో ఉన్న మనిషి గొంతు మనల్ని చేరేది అంతలోనే.

పర్లాకిమిడిలో ఒకరు ఎత్తుకున్న పల్లవి రాయగడకు 200 మిల్లీసెకన్లలో చేరిందనుకోండి. అక్కడివాళ్లు అందుకున్న గొంతు తిరిగొచ్చేసరికి 400 అవుతుంది. నిమిషానికి 75 దెబ్బల నడకలో అది సరిగ్గా అర దెబ్బ! మొదటివాళ్లు వాళ్లకోసం ఆగుతారు, నడక జారిపోతుంది.

పెద్ద డేటా ప్యాక్ వేస్తే చాలనుకోవడం పొరపాటు. ప్యాక్ పెరిగినంత మాత్రాన ఈ ఆలస్యం తగ్గదు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌తో ఇంకా పెరుగుతుంది. పైగా చిడతల మోతను రొద అనుకుని ఫోనే అణిచేస్తుంది.

కాల్‌లో ఒక్కరే పాడాలి, మిగతావాళ్లు మ్యూట్‌లో గొంతు కలపాలి. కలిసిన పాటే కావాలంటే, మొదట ఒక చప్పట్టు ఉన్న రికార్డింగును వైరు ఇయర్‌ఫోన్‌లో వింటూ, ఆ చప్పట్టుతోపాటే తామూ కొట్టి, ఎవరికివారు పాడి పంపాలి. వచ్చిన రికార్డింగుల్లోని చప్పట్లన్నీ ఒకే క్షణంలో పడేలా సరిపెడితే గొంతులు కలుస్తాయి.