రెండో లిస్టు చూడకుండా విశాఖ బండి ఎక్కకు

పర్లాకిమిడి, ఒడిశా,
22 జూన్ 2025, ఆదివారం.

చిరంజీవి బుజ్జికి, అత్త ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నీకు నీట్‌లో 720కి 471 మార్కులు వచ్చాయనీ, సీట్లు పంచే కౌన్సెలింగ్‌కి రిజిస్టర్ చేసుకోనని నువ్వు తెగేసి చెప్పావనీ, విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి మళ్లీ పరీక్షకి ఏడాది కోచింగ్, అదే లాంగ్‌టర్మ్ చేస్తానంటున్నావనీ చెప్పాడు. డాక్టరు కావాలని మన ఇంటి ఆడపిల్ల ఇంత పట్టు పట్టిందంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే వాడు ఇంకో మాట అన్నాడు. "రిజల్ట్ వచ్చిన రోజు నుంచి గది గడియ వేసుకుని ఉంటోందక్కా. కంచం కూడా లోపలికే" అన్నాడు. ఇక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ గడియ తియ్యి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

471 చూసి నువ్వెందుకు కుంగిపోయావో మీ నాన్నని అడిగాను. పోయినేడు ఎన్ని మార్కులకి సీటు వచ్చిందో యూట్యూబ్‌లో చూసి, ఆ లెక్కన నీకు రాదని తేల్చేసుకున్నావట. ఇంత చదివిన పిల్లవి, ఇలా ఎలా లెక్క వేశావమ్మా? 2024లో మొదట రిజల్ట్ ఇచ్చినప్పుడు 67 మందికి 720కి 720 వచ్చాయి. గొడవలయ్యాయి, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, చివరికి 17 మంది మిగిలారు. ఈ ఏడు దేశం మొత్తమ్మీద మొదటి ర్యాంకు వచ్చిన అబ్బాయికే 686. ఫిజిక్సు అందరినీ ఏడిపించింది. పేపరే మారిపోయాక పోయినేటి మార్కులతో నిన్ను నువ్వు కొలుచుకుంటే ఎలా? మార్కులు పక్కన పెట్టి ర్యాంకు చూడు. ఈసారి 22 లక్షల మంది పైగా రాశారు, ఎంబీబీఎస్ సీట్లు లక్షకి కాస్త పైన. పోటీ గట్టిదే, కాదనను. కానీ నీకు సీటు లేదని చెప్పాల్సింది కౌన్సెలింగ్, నువ్వు కాదు.

ఇప్పుడు నీకొక సంగతి చెబుతాను. మీ నాన్నకి కూడా తెలీదు, అప్పటికి వాడు నాలుగేళ్ల పిల్లాడు.

1977. నాకు బయాలజీ అంటే ప్రాణం. బరంపురంలో ఒక కాలేజీలో బీఎస్సీకి దరఖాస్తు పెట్టాను. లిస్టు పెట్టే రోజున మీ తాతయ్య రైస్‌మిల్లులో సెలవడిగి, ఉతికిన పంచె కట్టుకుని నన్ను తీసుకెళ్లాడు. అప్పుడు ఇక్కణ్ణుంచి నౌపడకి చిన్న బండి ఉండేది, బొగ్గింజను. కిటికీ దగ్గర కూర్చుంటే కళ్లలో నుసి పడేది. నౌపడలో దిగి పెద్ద బండి ఎక్కాలి. కాలేజీ వరండాలో ఇనుప జాలీ వేసిన నోటీసు బోర్డు, దాని ముందు వందమంది. మా అక్క, అంటే మా పెదనాన్న కూతురి పేరు మొదటి కాగితంలోనే ఉంది. నేను కింది నుంచి పైకి, పై నుంచి కిందికి మూడుసార్లు చూశాను. నా పేరు లేదు. మీ తాతయ్య జాలీ దగ్గరికి వెళ్లి, ఇంగ్లీషు రాకపోయినా, నా దరఖాస్తు నంబరు రాసుకున్న చీటీ పట్టుకుని ఒక్కో అంకె వేలితో తడుముతూ చూశాడు. ఆ చూపుడు వేలు నాకింకా కళ్లకి కడుతుంది.

తిరుగు ప్రయాణంలో ఆయన నౌపడ స్టేషన్లో వేరుశనక్కాయలు కొని నా ఒళ్లో పెట్టాడు. ఒక్క మాట మాట్లాడలేదు. కోపం అనుకున్నాను. మా అక్క పేరు వచ్చి నా పేరు రాకపోవడం ఆయనకి తలవంపు అనుకున్నాను. పది రోజులకి రెండో లిస్టు పెడతారని అక్కడి గుమాస్తా చెప్పాడు. ఆ పది రోజులూ నేను వడ్ల గది తలుపు వేసుకుని గోనె బస్తాల మధ్య కూర్చున్నాను. మా అమ్మ చోడి అంబలి గిన్నె తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి పోయేది.

పదో రోజు పొద్దున్నే మీ తాతయ్య మళ్లీ పంచె కట్టుకుని "పదమ్మా, చూసొద్దాం" అన్నాడు. మళ్లీ ఆ బోర్డు ముందు నిలబడాలంటే నాకు చచ్చేంత సిగ్గు వేసింది. నా పేరు లేకపోతే ఆయన వేలు మళ్లీ ఆ కాగితం మీద తిరగడం నేను చూడలేను. అందుకని అబద్ధం చెప్పాను. "నా స్నేహితురాలు చూసొచ్చింది నాన్నా, రాలేదట" అన్నాను. ఆయన కాసేపు అలాగే నిలబడి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, మిల్లుకి వెళ్లిపోయాడు.

దసరాకి మా అక్క సెలవులకొచ్చింది. అందరం భోజనాలకి కూర్చున్నాం. "నీ పేరు రెండో లిస్టులో నాలుగోది కదే, ఎందుకు చేరలేదు?" అంది. దానికి తెలీదు పాపం. మీ తాతయ్య చెయ్యి అన్నంలో అలాగే ఆగిపోయింది. నేను తల ఎత్తలేదు. ఆయన లేచి వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. ఉన్న అన్నమంతా మెల్లిగా, మెతుకు వదలకుండా తిని, చెయ్యి కడుక్కుని, నా తల మీద తడి చెయ్యి పెట్టి వెళ్లాడు. బతికున్నన్నాళ్లూ ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆయన పోయేముందు ఆసుపత్రిలో నేనే ఎత్తాను. "ఆ రోజు రైల్లో నాకు కోపం లేదమ్మా, నీకేం చెప్పాలో తెలీక ఊరుకున్నాను" అన్నాడు.

ముప్పై మూడేళ్లు ప్రైమరీ స్కూల్లో పిల్లలకి చదువు చెప్పాను. ఆ ఉద్యోగాన్ని ప్రేమించాను, దాని మీద నాకే బాధా లేదు. కానీ మార్కులు తక్కువై నా సీటు పోలేదు బుజ్జీ. సీటు వచ్చింది. నేను వెళ్లి చూసుకోలేదు. నలభై ఎనిమిదేళ్లయినా ఆ బోర్డు నాకు కలలోకి వస్తుంది. కాగితం ఉంటుంది, దగ్గరికి వెళ్తే చదవలేను.

అందుకే నువ్వు రిజిస్టర్ చేసుకోనన్నావంటే నా ప్రాణం లేచిపోయింది.

ఇప్పుడు వరండాలో నిలబడక్కర్లేదు, ఎవరూ చూడరు, ఫోన్లోనే అంతా. ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటా, మిగతా 85 శాతం మన ఒడిశా వాళ్లకి, దాని కౌన్సెలింగ్ మన రాష్ట్ర ఎంట్రన్స్ సంస్థ ఓజేఈఈ వాళ్లు చేస్తారు. రెండింటికీ విడివిడిగా రిజిస్టర్ చేసుకో. ఒకటి, రెండు, మూడు, ఆ తర్వాత మిగిలిపోయిన సీట్లకి ఇంకో రౌండు ఉంటాయి. మంచి ర్యాంకు వాళ్లు రెండు చోట్లా సీటు తెచ్చుకుని ఒకటి వదిలేస్తారు. ఆ వదిలేసినవే నీలాంటి వాళ్ల దాకా దిగుతాయి. మొదటి రౌండులో పేరు లేదని పేజీ మూసేసేవాళ్లు ఎంతమందో! నువ్వు ఆఖరి రౌండు దాకా ఉండాలి. కాలేజీల ఆప్షన్లు నీకు ఇష్టమైన వరసలో పెట్టు, వస్తుందో రాదో అని భయపడి వరస మార్చకు. బరంపురం, కటక్, బుర్లా, కోరాపుట్, ఏదీ చిన్నచూపు చూడకు. కోరాపుట్ కాలేజీ 2017లో వచ్చింది, కొత్తదని కొందరు మొహం తిప్పుకుంటారు. రేపు నీ దగ్గరికొచ్చే రోగి నువ్వు చదివిన కాలేజీ పాతదా కొత్తదా అని అడగడు. అఖిల భారత కోటాలో మొదటి రౌండులో సీటు వచ్చి చేరకపోయినా ఏమీ పోదు, రెండో రౌండు నుంచి చేరకపోతే కట్టిన డిపాజిట్ పోతుంది, ఆ పైన ఇంకా గట్టి రూల్సు. ప్రతి రౌండుకీ ముందు మీ నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని రూల్సు గట్టిగా చదువు.

కాగితాలు ఈ వారమే చూసుకోండి. తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం ఉందా? మన వాళ్లకి ఇక్కడ ఇంకో తంటా ఉంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా స్కూల్లో దాన్ని చివర పెడతారు. నీ టెన్త్ సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటే ఇప్పుడే సరి చేయించుకో. స్కూల్లో నా దగ్గరికి అలాంటి పిల్లలు ఏటా వచ్చేవాళ్లు, చివరి రోజు పరుగులు పెట్టేవాళ్లు.

రౌండ్లన్నీ అయ్యి, నిజంగానే సీటు రాకపోతే, అప్పుడు లాంగ్‌టర్మ్‌కి వెళ్లు. నేనే దగ్గరుండి దింపుతాను, ఫీజులో సగం నా పెన్షన్ డబ్బు. వద్దని మీ నాన్న అంటే నాతో మాట్లాడమను. కానీ ఫీజంతా ఒకేసారి కట్టొద్దు. మధ్యలో మానేస్తే మిగిలిన రోజుల డబ్బు పది రోజుల్లో తిరిగివ్వాలని 2024 జనవరిలో కేంద్రం కోచింగ్ సెంటర్లకి మార్గదర్శకాలు ఇచ్చింది. రసీదు వెనక ఏం రాశారో చూడు. వారానికి ఒక రోజు సెలవు ఇస్తారా, వారం వారం మార్కులు చూసి పిల్లల్ని సెక్షన్లు మారుస్తారా అని అక్కడ చదివిన పిల్లల్ని అడుగు. మార్చేచోట నువ్వు ఉండొద్దు. నువ్వు చదువులో మెతక కాదు, మనసు మెతక.

నీ తమ్ముణ్ణి కూడా టెన్త్ కాగానే ఇంటర్‌కి విశాఖ పంపుదామనుకుంటున్నారట కదా. వాడికి ఇంజనీరింగ్ కావాలి. జేఈఈ మెయిన్‌లో పన్నెండో తరగతి ఎక్కడ పాసైతే అదే వాడి రాష్ట్రం. కేంద్రం వాళ్ల ఇంజనీరింగ్ కాలేజీలైన ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి. గుణుపూర్‌లో ప్లస్ టూ చదివితే వాడి సొంత ఎన్‌ఐటీ రూర్కెలా, విశాఖలో ఇంటర్ చదివితే తాడేపల్లిగూడెం. ఏది మంచిదో వాళ్లిష్టం, తెలిసి పంపమని చెప్పు. ఈ సరిహద్దు ఊళ్లలో చాలామందికి ఈ ముక్క సీటు దగ్గరికొచ్చాకే తెలుస్తోంది.

ఇక ఆ గడియ. కోచింగ్ ఊళ్లలో హాస్టల్ పిల్లల సంగతులు పేపర్లో చదివినప్పుడల్లా నేను ముందు మన ఇంట్లో పిల్లల మొహాలు తలుచుకుంటాను. 2023లో రాజస్థాన్‌లోని కోటా ఊళ్లో హాస్టల్ ఫ్యాన్లకి స్ప్రింగులు పెట్టించారు, బరువు పడితే కిందికి దిగిపోయేలా. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. నీకు అలాంటి ఆలోచన ఎప్పుడైనా దగ్గరికి వచ్చిందా? వస్తే దాచకు, సిగ్గు పడకు. అర్ధరాత్రైనా నాకు ఫోన్ చెయ్యి, నేను ఎత్తుతాను. నాతో చెప్పలేకపోతే 14416కి చెయ్యి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, డబ్బులక్కర్లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ఆ నంబరు ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకో. చేశాక నాకు చెప్పు.

మీ అమ్మని కసురుతున్నావట. దానికి నీట్ అంటే తెలీదు, నువ్వు తినలేదని మాత్రం తెలుసు. మీ నాన్న నీతో మాట్లాడటం లేదని అనుకుంటున్నావేమో. నిన్న ఫోన్లో వాడి గొంతు నేను విన్నాను. వాడు కూడా మీ తాతయ్య లాగే, ఏం చెప్పాలో తెలీక ఊరుకున్నాడు.

శుక్రవారం గుణుపూర్ ప్యాసెంజర్‌కి వస్తున్నాను. స్టేషన్‌కి నువ్వే రావాలి, మీ నాన్నని పంపొద్దు. మామిడి తాండ్ర తెస్తాను, నీకిష్టమని పోయిన నెలే ఎండబెట్టి దాచాను. నీ ర్యాంకు కార్డు, టెన్త్ సర్టిఫికెట్, ప్లస్ టూ మార్కుల లిస్టు ఒక కవర్లో పెట్టి ఉంచు. కూర్చుని ఆప్షన్ల వరస ముందుగానే కాగితం మీద రాసుకుందాం. మొదటి రౌండు లిస్టు వచ్చే రోజుకి మళ్లీ వస్తాను, రెండో దానికీ వస్తాను. నువ్వు ఫోన్ పట్టుకో. నీ నంబరు నేను వెతుకుతాను.

మీ అత్త