బండి కంటే ముందు మూత

ఒరేయ్ చిన్నా,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. "బీటెక్ చదివి బీచ్ రోడ్డులో బంగాళాదుంపలు వేపుతాడటక్కా, నువ్వైనా గడ్డి పెట్టు" అంది. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ తర్వాత తెల్లారేదాకా నిద్ర లేదు.

ఈ పిచ్చి నీకెక్కడ అంటుకుందో నాకు తెలుసు. 2014 అక్టోబర్ 12 ఆదివారం, విశాఖ మీదికి హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు. మీరంతా అక్కయ్యపాలెంలో మా ఇంట్లోనే ఉన్నారు. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, పాల ప్యాకెట్టు కోసం కొట్లాటలు. మంచం కింద బుట్టలో బంగాళాదుంపలున్నాయి కాబట్టి పూటపూటా కొవ్వొత్తి వెలుగులో అదే వేపుడు. అందరి భోజనాలూ అయ్యాక మూకుట్లో గుప్పెడు వేడన్నం వేసి, అడుగున అంటుకున్న ఎర్రటి పెచ్చుల్నీ ఉప్పూకారాన్నీ గీరి కలిపి ముద్దలు పెట్టేదాన్ని. ఆఖరి ముద్ద కోసం మీ అన్నని కొరికావు గుర్తుందా? కరెంటు వస్తే ఊరంతా కేకలేసింది. నువ్వు మాత్రం మొహం ముడుచుకుని "ఇంక సాంబారు పెట్టేస్తావా" అన్నావు.

సరే, పని సంగతి. లైసెన్సు, జీవీఎంసీ పర్మిషన్ లాంటివి నాకంటే నీకే బాగా తెలుస్తాయి. నూనె నల్లబడితే లాభం చూసుకోకుండా తీసెయ్. దుంప దగ్గర మాత్రం తొందరపడకు. బాగా చల్లగా నిలవ ఉంచిన దుంపలో పిండి చక్కెరగా మారుతుంది. నూనెలో పడగానే లోపల ఉడక్కముందే పైన నల్లబడి చేదెక్కుతుంది. పూర్ణా మార్కెట్లో అయినా రైతు బజార్లో అయినా ముందు నాలుగు దుంపలు తెచ్చి వేపి చూడు, ఆ తర్వాతే బస్తా ఎత్తు. రెండుసార్లు వేపాలని యూట్యూబులో చూసే ఉంటావు. మొదట 150 డిగ్రీల దగ్గర లోపల ఉడికేదాకా, చల్లారాక 180 దగ్గర కరకరలాడేదాకా. బీచ్ గాలికి చెమ్మెక్కి ఇట్టే మెత్తబడతాయి, అందుకని రెండో వాయి మనిషి వచ్చి నిలబడ్డాకే వెయ్యి.

ఇక నీకెవరూ చెప్పని మాట. మీ పెదనాన్న ఎడమ చేతి మీద మచ్చ చూశావు కదా. స్కూటర్ సైలెన్సర్ కాలిందని చెప్పేవాళ్ళం. అబద్ధంరా అది.

1998లో మేము కర్రీ పాయింట్ నడిపేటప్పుడు పెళ్ళివారెవరో పది కిలోల వేపుడు చెప్పారు. ముక్కలు నీళ్ళలో నానబెట్టి బుట్టలో వార్చాను గానీ బట్టమీద ఆరబెట్టలేదు. పెళ్ళివారి కుర్రాడు క్యారియర్లు పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆ టెన్షన్‌లో మూకుడు నిండా నూనె పోసి, తడి ముక్కల బుట్ట మొత్తం ఒక్కసారే వంచేశాను. నూనె పొంగి పొయ్యి మీద పడి భగ్గుమంది. చేతికి అందింది నీళ్ళ చెంబు. విసిరేశాను.

మండే నూనె మీద నీళ్ళు పడితే అడుక్కి జారి, ఒక్క క్షణంలో ఆవిరై దాదాపు 1700 రెట్లు పెరుగుతాయి. ఆ ఆవిరే మంటని పైకి చిమ్ముతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణాన మాత్రం మంట చూరు దాకా లేవడం చూశాను, మీ పెదనాన్న నన్ను వెనక్కి లాగి ముందుకెళ్ళడం చూశాను. సిలిండర్ కట్టేసి, అన్నం డేగిసా మూత తెచ్చి మూకుడు మీద బోర్లించారు. అంతే, ఆరిపోయింది. ఆసుపత్రికి వెళ్తుంటే ఆటోలో "పెళ్ళివారికి ఏం చెప్తావే?" అని అడిగారు.

ఆ సైలెన్సర్ కథ నాదే. వంట చేసి బతికే మనిషి నూనె మంట మీద నీళ్ళు పోసిందంటే నవ్వుతారని సిగ్గు. ఆయన పోయేదాకా ఒక్కరి దగ్గరా నోరు జారలేదు.

అందుకని చెప్తున్నా. మూకుడు సగానికి మించి నూనె వద్దు. ముక్కలు పొడిబట్టతో అద్దందే నూనెలో వెయ్యకు. నీళ్ళ బిందె పొయ్యికి ఆమడ దూరంలో ఉండాలి, మూత మాత్రం కుడిచేతికి అందాలి. గాలికి మంట వాలకుండా మూడు వైపులా రేకు కట్టు. రబ్బరు చెప్పులతో నిలబడ్డావని తెలిసిందో, జనం ముందే చెవి మెలేస్తాను. కాళ్ళు మూసే బూట్లు, నూలు చొక్కా వేసుకో.

మీ అమ్మతో నేను మాట్లాడతాలే. నువ్వు ఆదివారం ఇంట్లోనే దానికి ఓ ప్లేటు వేపి పెట్టు, ఏమీ వాదించకు.

ఆ డేగిసా మూత నా దగ్గరే ఉంది. పిడి కొంచెం ఊగుతోంది, బిగించాలి. నువ్వు కొనే మూకుడు అంచు నుంచి అంచుకి ఎన్ని అంగుళాలో కొలిచి ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ