మట్టి కోత నియంత్రణ ప్లాన్ ఫైల్లో ఉంటే చాలా? ప్లాన్ ఉండి కూడా నోటీసు తెచ్చుకున్నవాడి జవాబు

మూడెకరాల వాలు భూమిని చదును చేసి ప్లాట్లు వేద్దామనుకుంటున్నారు. పర్మిషన్‌కి వెళ్తే స్థానిక ఆఫీసువాళ్లు మట్టి కోత, పూడిక నియంత్రణ ప్లాన్ (గీకిన మట్టి వానకి కొట్టుకుపోయి పక్కవాళ్ల మీద, కాలువల్లో పడకుండా ఏం చేస్తారో చెప్పేది) తెమ్మన్నారు. కన్సల్టెంటేమో డ్రాయింగ్ గీసిస్తాను, ఫైల్లో పెట్టేద్దాం అన్నాడు. అది కాగితానికేనా, సైట్లో నిజంగా ఏమైనా చేయాలా అన్నది మీ ప్రశ్న.

చేయాలండి. నేనూ మొదట్లో మీ కన్సల్టెంటులాగే మాట్లాడినవాడినే. సైట్ ఇంజనీరుగా నా రెండో ప్రాజెక్టులో పని ఆపమని నోటీసు వచ్చింది, అదీ మంజూరైన ప్లాన్ చేతిలో ఉండగానే. డ్రాయింగులో ఏ లోపమూ లేదు. కింది అంచున సిల్ట్ ఫెన్స్ (మట్టిని ఆపడానికి కర్రలకి కట్టే గుడ్డ కంచె), పల్లంలో పూడిక గుంట (బురదనీరు నిలిచి మట్టి అడుక్కి దిగే గుంట), గేటు దగ్గర కంకర పరుపు, అన్నీ ఉన్నాయి. తప్పు జరిగింది వేరే చోట.

జేసీబీలు అద్దెకు వచ్చాయి. కాంట్రాక్టరు, ‘మెషిన్లు ఎలాగూ ఉన్నాయి కద సార్, ఒక్క ఊపులో మొత్తం గీకేద్దాం’ అన్నాడు. లెక్క చూస్తే చవకే. సరే అన్నాను. వారం రోజుల్లో పొదలు, గడ్డి, పైమట్టి అంతా పోయి సైటు మొత్తం గుండు కొట్టించినట్టు అయింది. ఆ తర్వాత రోడ్ల డ్రాయింగు మార్పుల్లో పడి పని నెలన్నర ఆగింది. ఈలోపు ఒక రాత్రి గట్టి వాన పడింది. తెల్లారి వెళ్లి చూస్తే పల్లపు మూలలో ఫెన్స్ నేలమీద పడుకుని ఉంది. దాని అవతల పక్కవాళ్ల కుంట ఉండేది. అందులో నీళ్లు ఎర్రగా, చిక్కగా కనిపించాయి.

తనిఖీకి వచ్చిన అధికారి పడిపోయిన ఫెన్స్ వైపు ముందు చూడలేదు. పైకి నడిచి, ఖాళీగా ఉన్న ఎగువ భాగంలో నిలబడి రెండే ప్రశ్నలు వేశాడు. ‘ఇది ఎప్పుడు గీకారు? ఇక్కడ పని ఎప్పుడు మొదలవుతుంది?’ మొదటిదానికి జవాబు చెప్పాను. రెండోదానికి నా దగ్గర జవాబు లేదు. నోటీసు ఆ రెండో ప్రశ్నకే వచ్చిందని నాకు అర్థం కావడానికి కొంత టైమ్ పట్టింది.

ఇప్పుడు ఎవరు అడిగినా నేను చెప్పేది ఇదే: ఈ ప్లాన్‌లో అసలు విషయం ఫెన్స్ కాదు, పని వరుస. ఏ ముక్క ఎప్పుడు తెరుస్తారు, ఎన్ని రోజులు తెరిచి ఉంచుతారు, మళ్లీ ఎప్పుడు మూస్తారు. మీ కన్సల్టెంటు ఇచ్చే కాగితాల్లో డ్రాయింగు కన్నా ముందు ఆ వరుస ఉన్న పేజీ చూడండి. ‘సైట్ శుభ్రం చేయడం, చదును చేయడం, రోడ్లు’ అని మూడు లైన్లలో తేల్చేసి ఉంటే వెనక్కి ఇచ్చి మళ్లీ రాయించండి.

నిబంధనలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి మీ ఆఫీసు ఇచ్చిన నిబంధనల కాపీ మొత్తం చదవక తప్పదు. అయినా మూల చట్రం మాత్రం దాదాపు అన్నిచోట్లా ఒకటే. మొదట విస్తీర్ణం హద్దు ఉంటుంది. ఉదాహరణకి అమెరికా ఫెడరల్ నిబంధనల్లో ఎకరం, ఆపైన నేల కదిలిస్తే వాననీటి పర్మిట్ కావాలి. పెద్ద లేఅవుట్‌లో భాగమైతే ఎకరంలోపు ముక్కకైనా కావాలి. అంటే భూమిని ముక్కలు చేసి వేర్వేరుగా చూపిస్తే తప్పించుకోవచ్చు అనే ఉపాయం అక్కడ నడవదు. మీ దగ్గర కూడా ఎవరైనా ఆ సలహా ఇస్తే, ముందు ‘పెద్ద లేఅవుట్‌లో భాగమైతే’ అన్న వాక్యం మీ నిబంధనల్లో ఉందేమో వెతకండి. స్థానిక సంస్థలు హద్దును ఇంకా తగ్గించి పెట్టుకోవడం మామూలే. వాగు, చెరువు పక్కన మరీ తక్కువ.

రెండోది గడువు. అదే ఫెడరల్ పర్మిట్‌లో పద్నాలుగు రోజుల లెక్క ఉంది. ఒక భాగంలో పని 14 రోజులు, అంతకన్నా ఎక్కువ ఆగబోతోందంటే ఆ నేలను కప్పే పని వెంటనే మొదలుపెట్టాలి. నా నెలన్నర పక్కన ఈ 14 రోజులు పెట్టి చూడండి, నోటీసు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. కప్పడం అంటే పెద్ద ఖర్చు ఏమీ కాదు. గింజలు చల్లి పైన ఎండుగడ్డి పరవడం, వాలు ఎక్కువున్న చోట కొబ్బరిపీచు చాపలు మేకులతో దిగ్గొట్టడం. గడ్డి గాలికి లేచిపోకుండా మట్టిలోకి కాస్త తొక్కించాలి.

గడ్డికి అంత బలం ఎక్కడిదని నేనూ నవ్వాను. మట్టి కోతను అంచనా వేసే పాత సూత్రం ఒకటుంది. విష్‌మయర్, స్మిత్ అనే ఇద్దరు తయారుచేసింది, 1978లో అమెరికా వ్యవసాయ శాఖ చేతిపుస్తకంగా వేసింది. వాన తాకిడి, మట్టి రకం, వాలు పొడవు, వాలు నిటారుతనం, నేలపై కప్పు, అడ్డుకట్టల్లాంటి ఏర్పాట్లు, ఈ ఆరింటినీ ఒకదానితో ఒకటి గుణిస్తారు. ఇక్కడ గమనించాల్సింది, ఇది కూడిక కాదు గుణకారం. ఆరింటిలో ఏ ఒక్కటి పదో వంతుకి తగ్గినా మొత్తం పదో వంతుకి పడిపోతుంది. వాన మన చేతిలో లేదు, మట్టి రకమూ లేదు. బాగా తగ్గించగలిగేది కప్పు తాలూకు అంకెనే, నేల మీద కప్పు పెరిగేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది. పూర్తిగా గీకిన నేలకి కప్పు విలువ 1 కింద తీసుకుంటారు, అంటే రక్షణ సున్నా. వాన చినుకు నేరుగా మట్టిని కొట్టి రేణువుల్ని విడదీస్తుంది, పారే నీరు వాటిని మోసుకుపోతుంది. గడ్డి ఆ మొదటి దెబ్బని తాను తీసుకుంటుంది. ఫెన్స్ చేసేది మాత్రం అప్పటికే కొట్టుకొచ్చిన మట్టికి కింద అడ్డం నిలబడటం.

వాలు పొడవు కూడా మన చేతిలోనే ఉంది. అయిదు శాతం, ఆపైన వాలుల మీద పొడవు నాలుగింతలైతే ఎకరానికి పోయే మట్టి సుమారు రెండింతలవుతుంది. అందుకే పొడుగాటి వాలుకి మధ్యలో అడ్డంగా చిన్న మట్టి గట్లు వేసి నీటిని పక్క కాలువలోకి మళ్లిస్తారు. మీ మూడెకరాలకి ఇది చాలా చవకైన పని. అలాగే పైనుంచి, అంటే మీ హద్దు అవతలి నుంచి వచ్చే నీటిని మీ సైట్లోకే రానివ్వకండి. ఎగువ అంచున ఒక మళ్లింపు కాలువ తవ్వేస్తే సగం టెన్షన్ పోతుంది.

ఇక మా ఫెన్స్ ఎందుకు పడిందో చెప్తాను, ఎందుకంటే ఈ తప్పు ఇప్పటికీ చాలా సైట్లలో చూస్తుంటాను. గుడ్డ కింది అంచుని సుమారు 15 సెంటీమీటర్ల లోతు కందకంలో దించి, మట్టి పోసి, దిమ్మిస కొట్టాలి. మావాళ్లు గుడ్డ అంచుని నేలమీద పరిచి పైన పారతో నాలుగు పెళ్లలు వేశారు. పైనుంచి చూస్తే తేడా తెలియదు. నేను మోకాళ్ల మీద కూర్చుని వేళ్లు దూర్చి చూస్తే చెయ్యి అవతలికి వెళ్లిపోయింది. నీళ్లూ అలాగే వెళ్లాయి. రెండో తప్పు, కర్రలు ఎగువ వైపు పాతారు. అప్పుడు నీటి బరువంతా గుడ్డని కర్రకి కొట్టిన పిన్నుల మీద పడుతుంది, అవి పటపటా ఊడతాయి. కర్రలు దిగువ వైపు ఉంటే గుడ్డ వాటికి ఆనుకుని నిలబడుతుంది. మూడోది నా తప్పే. నీళ్లన్నీ ఒక్క చోటికి చేరి ప్రవాహంగా వచ్చే పల్లంలో ఫెన్స్ పెట్టించాను. సిల్ట్ ఫెన్స్ పలచగా పరుచుకుని వచ్చే నీటికి పనికొస్తుంది, కాలువలా వచ్చేదానికి కాదు. అలాంటి చోట రాళ్ల అడ్డుకట్ట వేయాలి లేదా నీటిని గుంటలోకి పంపాలి. ఫెన్స్ దగ్గర పేరుకున్న మట్టి దాని ఎత్తులో సగానికి రాకముందే ఎత్తేయాలి, ఇది చాలాచోట్ల నిబంధనల్లోనే రాసి ఉంటుంది.

పూడిక గుంట గురించి ఒక సీసా కథ. నోటీసు తర్వాత మా గుంట తూము దగ్గర ఒక ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పట్టి సైటాఫీసు కిటికీలో పెట్టాను, ఎంతసేపట్లో తేరుకుంటుందో చూద్దామని. అడుగున ఇసుక పొర నిమిషాల్లో పడింది. గంటా రెండు గంటల్లో దాని మీద ఒండు పొర. మూడో రోజుకి కూడా పైనీళ్లు ఎర్రగానే ఉన్నాయి. తర్వాత లెక్క వేస్తే ఇందులో వింతేం లేదు. కదలని నీటిలో ఒక మీటరు దిగడానికి 0.1 మిల్లీమీటరు ఇసుక రేణువుకి రెండు నిమిషాల చిల్లర పడుతుంది. 0.02 మిల్లీమీటరు ఒండు రేణువుకి ముప్పావుగంట. 0.002 మిల్లీమీటరు బంకమట్టి రేణువుకి మూడు రోజుల పైనే. బంకమట్టి నేలలో గుంట ఎంత తవ్వినా సన్న రేణువులు దాటిపోతూనే ఉంటాయి. ఆ మట్టిని అసలు కదలనివ్వకపోవడమే దారి. నీటిని త్వరగా తేర్చే మందులు దొరుకుతాయి కానీ, ఆఫీసుని అడగకుండా వాడొద్దు. కొన్ని రకాలు చేపలకు హాని చేస్తాయి.

గుంట పరిమాణం మీ నిబంధనల్లో అంకెగా ఉంటుంది. అమెరికా పర్మిట్‌లో లెక్క కట్టనివాళ్లకి ఎకరానికి 3,600 ఘనపుటడుగులు, అంటే సుమారు 100 ఘనపు మీటర్లు. నీటిని అడుగు నుంచి కాకుండా ఉపరితలం నుంచి తీసేలా తూము పెట్టమని కూడా అంటారు, పైనీరే కాస్త తేటగా ఉంటుంది కనుక. ముఖ్యంగా గుంట, ఫెన్స్, గేటు పనులు ముందు జరగాలి, మిగతా గీకుడు తర్వాత. మేం ఈ వరుసని కూడా తిరగేశాం.

గేటు దగ్గర కంకర పరుపు చిన్న విషయమే, కానీ ఫిర్యాదులన్నీ వచ్చేది అక్కడి నుంచే. టిప్పరు చక్రాలకి అంటిన బురద రోడ్డెక్కితే ఊరంతా చూస్తుంది. కింద జియోటెక్స్‌టైల్ గుడ్డ, పైన పెద్ద సైజు కంకర, టిప్పరు చక్రం కనీసం కొన్ని చుట్లు తిరిగేంత పొడవు ఉండాలి. గుడ్డ లేకుండా పోస్తే మొదటి వానకే కంకర బురదలో కలిసిపోతుంది. రోడ్డు మీద పడ్డ మట్టిని అదే రోజు పని ముగిసేలోపు ఊడ్చేయాలి. నీళ్లతో కడగొద్దు, అది నేరుగా డ్రైనేజీలోకి వెళ్తుంది.

తనిఖీ రిజిస్టరు సంగతి నవ్వొస్తుంది ఇప్పుడు. వారానికోసారి, లేదా రెండు వారాలకోసారి ప్లస్ పావు అంగుళం వాన పడిన ప్రతిసారి 24 గంటల్లోపు చూడాలన్నది ప్రసిద్ధమైన పద్ధతి. నేను నెల రోజులవి ఒకే శనివారం కూర్చుని ఒకే పెన్నుతో రాశాను. వాన పడిన మర్నాడు కూడా ‘ఫెన్స్ బాగుంది’ అని ఉంది అందులో, అదే రోజు అది నేలమీద పడుకుని ఉంది. అధికారి ఆ పేజీ చూసి ఏమీ అనలేదు, ఫోటో తీసుకున్నాడు. ఇప్పుడు నేను సైట్లోనే ఒక వానమాపకం పెట్టి, చూసిన వెంటనే ఫోనులో ఫోటో తీసి, ఏది పాడైంది, ఎప్పుడు బాగుచేశాం అని రెండు లైన్లు రాస్తాను. పాడైందని రాసుకోవడానికి భయపడకండి. పాడై, మర్నాడు బాగైనట్టు ఉన్న రిజిస్టరునే వాళ్లు నమ్ముతారు.

పక్కవాళ్ల కుంట మా ఖర్చుతోనే పూడిక తీయించాం. పర్మిషన్ కాగితం ఉందని ఎదుటివాళ్ల నష్టం మనకు అంటకుండా పోదు. అందుకే ఇప్పుడు పని మొదలవకముందే దిగువ ఉన్న కాలువ, కుంట, కల్వర్టు అన్నిటికీ తేదీతో ఫోటోలు తీసి పెట్టుకుంటాను. పాత పూడిక కూడా మన ఖాతాలో పడకుండా అది కాపాడుతుంది.

మీ మూడెకరాలకి నేనైతే ఇలా వెళ్తాను. ముందుగా దిగువ అంచున ఏర్పాట్లు, గేటు పని. తర్వాత రోడ్ల వరకే గీకడం. ప్లాట్ల భాగాన్ని రెండు మూడు ముక్కలు చేసి, ఒకటి పూర్తై గడ్డి పరిచాకే రెండోది తెరవడం. వాగు వైపు చెట్లు, పొదలు ఉంటే ఆ పట్టీని ముట్టుకోకపోవడం, అంతకన్నా మంచి ఫెన్స్ డబ్బిచ్చినా రాదు. గీకిన పైమట్టిని ఒకచోట కుప్ప పోసి, దానికీ కప్పు వేసి ఉంచండి, చివర్లో మొక్కలకి అదే కావాలి. మెషిన్లను రెండు మూడుసార్లు పిలవాల్సి వస్తుంది, కాంట్రాక్టరు గొణుగుతాడు. ఆ అదనపు ఖర్చు ముందే ఒప్పందంలో రాయించుకోండి, లేకపోతే ‘ఒక్క ఊపులో’ అన్న మాట మళ్లీ వస్తుంది.

పని అయ్యాక ఫైలు దానంతటది మూసుకోదు. నేలంతా పచ్చబడాలి. అమెరికా పర్మిట్‌లో ఆ ప్రాంతపు సహజమైన పచ్చదనంలో 70 శాతం రావాలంటారు. అప్పుడు ఫెన్సులు పీకేసి, గుంట శుభ్రం చేసి, ముగింపు తనిఖీ చేయించుకోవాలి. డిపాజిట్ కట్టించుకునే చోట్ల అది వెనక్కి వచ్చేది ఆ తనిఖీ తర్వాతే. విత్తనం వేసే కాలాన్ని బట్టి దీనికి నెలలు పడుతుంది, ప్లాట్ల అమ్మకం తేదీలు పెట్టుకునేటప్పుడు ఇది కూడా కలుపుకోండి.

మీ స్థలం వాలు ఎటు వైపు ఉంది, నీళ్లు చివరికి ఎక్కడ కలుస్తాయి, మట్టి బంకదా ఇసుకదా, ఈ మూడూ కింద రాస్తే గుంట ఎక్కడ పెడితే బాగుంటుందో నాకు తోచింది చెప్తాను.