మా సందు బాగుచేసే చదువు ఏదైనా ఉందా?

ప్రశ్న: మాది విజయవాడ వన్‌టౌన్. చిన్న స్టీలు సామాను కొట్టు నడుపుతున్నాను. మా పెద్దమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. షికాగోలో ఇళ్ల వెనక సందుల్ని పర్యావరణానికి మేలు చేసేలా మార్చారని ఎక్కడో వీడియో చూసింది. అప్పటినుంచి మన సందులు చల్లగా ఉండేలా, వాన నీళ్లు నిలవకుండా డిజైన్ చేసే పని నేర్చుకుంటానంటోంది. కంప్యూటర్స్ తీసుకోమంటే వినట్లేదు. అసలు అలాంటి ఉద్యోగం ఉంటుందా? నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: ‘సందుల డిజైనర్ కావలెను’ అనే ప్రకటన మీకు ఏ పేపర్లోనూ కనపడదండీ. మీ అనుమానం సబబే. కానీ పని మాత్రం ఉంది, కాకపోతే ఒక్క కుర్చీలో లేదు. సందు ఎటు వాలాలి, కాలువ ఎంత లోతుండాలి అన్నది సివిల్ ఇంజనీరు చూస్తాడు. ఇల్లు రోడ్డునుంచి ఎంత వెనక్కి ఉండాలి, ఎన్ని అంతస్తులు లేపొచ్చు అన్నది టౌన్ ప్లానింగ్ వాళ్ల చేతిలో ఉంటుంది. నీడ, గాలి, నలుగురు కూర్చునే అరుగు ఆర్కిటెక్టు పని. చెట్టూ మట్టీ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టువి. అమ్మాయి మనసు వీటిలో ఎటు లాగుతోందో తేలితే చదువు దానంతటదే తేలుతుంది.

ఆమె చూసిన వీడియో సంగతి కూడా మాట్లాడుకుందాం. షికాగో నగరం 2006లో ఆ కార్యక్రమం మొదలుపెట్టింది. అక్కడ ఇళ్ల వెనక సందులన్నీ కలిపితే సుమారు 3,000 కిలోమీటర్లు. చాలా సందుల కింద డ్రైనేజీ పైపు లేక వానకు నీళ్లు నిలిచేవి. ఊరంతా తవ్వి పైపులు వేసే బదులు, నీళ్లు కిందికి ఇంకిపోయే కాంక్రీటు వేశారు. ఎండను తిప్పికొట్టే లేతరంగు వాడారు. పగలగొట్టిన పాత కాంక్రీటునే మళ్లీ కలిపారు. ఆకాశంలోకి వృథాగా పోకుండా వెలుతురు కిందికే పడే దీపాలు పెట్టారు. తెలివైన పనే.

అయితే దాన్ని అలాగే తెచ్చి ఇక్కడ అతికిస్తే నడవదు. గుంటూరు వైపు నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. నీరు దానిలోంచి అంత సులువుగా దిగదు. మీ వన్‌టౌన్‌లో కొండవారన తవ్వితే రాయి తగులుతుంది, వాన పడితే పైనుంచి నీళ్లు దూకుతూ వస్తాయి. పైగా ఆ ఇంకే కాంక్రీటు రంధ్రాల్లోకి దుమ్ము చేరకుండా ఎప్పటికప్పుడు శుభ్రం చేస్తూ ఉండాలి. ఇల్లు కట్టేవాళ్లు ఇసుక తెచ్చి సందులోనే గుట్ట పోసే మన అలవాటుకి అవి ఒక్క సీజన్‌లో పూడిపోతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ పరిస్థితి మీరూ చూశారు. అంత వరదను ఏ సందు డిజైనూ ఆపలేదు. దానికి ఏటి గట్టు దగ్గర, పల్లపు భూమిలో ఇళ్ల అనుమతుల దగ్గర ఆలోచించాలి. ఎక్కడ ఏది పనికొస్తుందో తెలుసుకోవడమే ఈ చదువులో అసలు పాఠం.

వేడి విషయంలో ఇరుకు సందు తమాషాగా ఉంటుంది. పగలు గోడల నీడ పడి పెద్ద రోడ్డు కంటే చల్లగా ఉంటుంది. రాత్రయ్యేసరికి గోడలు, సిమెంటు దాచుకున్న వేడిని వదులుతాయి, అది పైకి పోవడానికి ఆకాశం చాలినంత కనపడదు. ఏసీల బయటి యూనిట్లన్నీ ఆ సందులోకే వేడి గాలి ఊదుతాయి. ఆరడుగుల సందులో వేపచెట్టు నాటమని ఎవరైనా సలహా ఇస్తే వాళ్లకు సందు తెలియదని అర్థం. అక్కడ పందిరెక్కే తీగో, మన పెద్దవాళ్లు వేసవిలో వేసిన చలువ పందిరిలాంటిదో ఆలోచించాలి.

ఇంకొకటి, నాకు ఒళ్లుమండే విషయం. గుంటూరు బ్రాడీపేటలో మా పాత ఇంటికి చిన్నప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లేవాళ్లం. ఇప్పుడు ఒక మెట్టు దిగాలి. పాత రోడ్డు తవ్వకుండా దానిమీదే కొత్త రోడ్డు వేసుకుంటూ పోయారు. వాన పడితే సందు నీళ్లు మా వరండాలోకొస్తాయి. పర్యావరణం అనే మాట ఎత్తకుండానే, రోడ్డు మట్టం పెరగనివ్వని ఒక్క ఇంజనీరు ఎన్నో ఇళ్లకు మేలు చేస్తాడు.

ఇక చదువులు. బీఆర్క్, అంటే ఆర్కిటెక్టు డిగ్రీ, 5 ఏళ్లు. జేఈఈ మెయిన్ పేపర్ 2ఏ రాస్తే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ లాంటి జాతీయ సంస్థలకు దారి. ఆ స్కూల్ ఒకటి మీ ఊళ్లోనే ఉంది, 2008లో మొదలైంది. మిగతా కాలేజీలకు నాటా పరీక్ష. బీప్లానింగ్, అంటే టౌన్ ప్లానింగ్ డిగ్రీ, 4 ఏళ్లు, దానికి జేఈఈ మెయిన్ పేపర్ 2బీ. మన విజయవాడ సంస్థలో తర్వాత ల్యాండ్‌స్కేప్‌లోగానీ, పర్యావరణ ప్రణాళికలోగానీ పీజీ చేసుకోవచ్చు. బీఆర్క్ ప్రవేశ పరీక్షలో బొమ్మ గీయాలి, లెక్కలొక్కటే గట్టెక్కించవు. పాప చేతికి పెన్సిల్ అలవాటు లేకపోతే ఇప్పుడే మొదలుపెట్టాలి. లెక్కలు, వాలు, నీళ్ల లెక్క ఇష్టమైతే సివిల్ చాలు, దాని గురించి మొహమాటం అక్కర్లేదు.

డబ్బు గురించి దాచను. ఆర్కిటెక్టు ఆఫీసులో మొదటి రెండు మూడేళ్ల జీతం చూసి మీ బంధువులు నవ్వొచ్చు. సాఫ్ట్‌వేర్ పిల్లలతో పోల్చకండి. ప్రభుత్వంలో 2019లో వచ్చిన వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ సెక్రటరీ, అమెనిటీస్ (వసతుల) సెక్రటరీ పోస్టులు పెట్టారు. సందు గొడవలు మొట్టమొదట చేరేది వాళ్ల టేబుల్ మీదకే. నోటిఫికేషన్ మాత్రం ఏటా వస్తుందని నమ్ముకోకండి. ప్రైవేటులో ఆర్కిటెక్టు ఆఫీసులు, నగరపాలకలకు ప్రాజెక్టు రిపోర్టులు తయారుచేసే కన్సల్టెన్సీలు ఉన్నాయి.

నిర్ణయానికి ముందు పాపతో ఒక పని చేయించండి. ఒక నోట్‌బుక్, టేపు, మీ కొట్టు పక్కన దొరికే చవక థర్మామీటరు. మీ సందు వెడల్పు ప్రతి పది అడుగులకీ కొలవమనండి. వాన పడ్డ రోజు నీళ్లు ఎక్కడ ఎంతసేపు నిలిచాయో, మధ్యాహ్నం 2కీ రాత్రి 10కీ వేడి ఎంతో, గడప రోడ్డుకన్నా పైన ఉందో కింద ఉందో రాసి, బొమ్మ గీయమనండి. మూడో రోజుకే విసుగొస్తే కంప్యూటర్స్ మాట మళ్లీ ఎత్తండి. రోహిణి కార్తె వచ్చేలోపు పుస్తకం నిండితే నాకు రాయండి, ఏ కాలేజీ అన్నది అప్పుడు కూర్చుని చూద్దాం.