ఆస్పర్జర్స్ ఉన్న మా బాబుది ‘పొగరు’ అంటోంది స్కూల్. ఎలా అర్థమయ్యేలా చెప్పాలి?

మీ ఎనిమిదేళ్ల బాబు క్లాసులో ఎదురు మాట్లాడుతున్నాడని రోజూ డైరీలో రాసి పంపుతున్నారని, మొన్న పక్క పిల్లాడిని తోశాడని పిలిపించారని, ఆస్పర్జర్స్ (ఆటిజంలో ఒక రకం) అని చెప్పినా టీచర్లు నమ్మడం లేదని మీరు రాశారు. స్కూల్ మార్చేయాలా అని అడిగారు. చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మేం సికింద్రాబాద్‌లో ఉంటాం. మా పెద్దవాడికి ఇప్పుడు పదహారేళ్లు. రెండో తరగతి నుంచి నాలుగో తరగతి దాకా మా ఇంటికీ అలాంటి డైరీలే వచ్చాయి.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. మా వాడికి అప్పట్లో రైళ్లు తప్ప వేరే లోకం లేదు. రెండో తరగతిలో టీచర్ రైలు టికెట్ ఎలా చదవాలో చూపిస్తూ ‘హైదరాబాద్ నుంచి విశాఖపట్నం, గోదావరి ఎక్స్‌ప్రెస్, 12727’ అని బోర్డు మీద రాశారట. వీడు లేచి, “తప్పు మేడమ్, అది విశాఖ నుంచి వచ్చేది. వెళ్లేది 12728” అన్నాడు. ఆవిడ సరేలే కూర్చో అన్నారు. బోర్డు మీద తప్పు అలాగే ఉంది కాబట్టి వీడు కూర్చోలేదు. మళ్లీ చెప్పాడు, మళ్లీ చెప్పాడు. ఇంకోసారి నోరెత్తితే తోలు తీస్తానన్నారు ఆవిడ.

మర్నాడు నన్ను పిలిపించారు. “పెంపకంలోనే ఉంటుందండీ” అన్న మాట విని నాకు తల కొట్టేసినట్టయింది. అందరి ముందూ వాడి వీపు మీద ఒక్కటి వేసి సారీ చెప్పించాను. ఆ రాత్రి పదకొండు దాటినా వాడు నిద్రపోలేదు. “అమ్మా, తోలు తీస్తే మళ్లీ వస్తుందా? ఎన్ని రోజులు పడుతుంది?” అని అడిగాడు. నిజంగానే తీస్తారనుకున్నాడు. కాసేపాగి, “నంబర్ కరెక్టే కదా, మరి సారీ ఎందుకు చెప్పాను?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వాడు మర్చిపోయాడేమో గానీ, ఆ దెబ్బ నేను మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇంట్లో వాళ్లు ‘మగపిల్లాడు, కాస్త మొండి, అదే సర్దుకుంటుంది’ అన్నారు. ఇంకో ఏడాది అలాగే గడిచాక పరీక్ష చేయించాం. ఇక్కడే మాటల దగ్గర పెద్ద చిక్కు వస్తుంది, మీకూ వచ్చినట్టుంది. డాక్టర్ నోటితో ఆస్పర్జర్స్ అన్నారు, రిపోర్టులో ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్ అని రాశారు. రెండూ ఒకటే. 2013లో అమెరికన్ సైకియాట్రిస్టులు జబ్బులు నిర్ధారించడానికి వాడే పుస్తకం డీఎస్ఎం-5 వచ్చినప్పుడు ఆస్పర్జర్స్‌ను విడిగా ఉంచకుండా ఆటిజంలో కలిపేశారు. స్కూల్లో ఆ రిపోర్టు చూపిస్తే, “ఆటిజం అయితే మాటలు రావు కదండీ, మీ వాడు వార్తలు చదివినట్టు మాట్లాడతాడే” అన్నారు. నిజమే, వాడి తెలుగు అప్పుడు వార్తలు చదివినట్టే ఉండేది. అలా పుస్తకాల భాషలో మాట్లాడటం కూడా ఇందులో భాగమేనని వాళ్లకి తెలియదు, అప్పటికి నాకూ సరిగ్గా తెలియదు.

పదకొండు పేజీల రిపోర్టు జిరాక్స్ ఇచ్చి వచ్చాను. అది ఆఫీసు రూములో బీరువాలోనే ఉండిపోయింది. నలభై మంది పిల్లలున్న టీచర్‌కి అది చదివే తీరిక ఎక్కడిది? మా పరిస్థితి మార్చింది ఆ రిపోర్టు కాదు, ఐదో తరగతి మొదట్లో నేను తెలుగులో రాసి లెక్కల మాస్టారికి ఇచ్చిన ఒక చిన్న కాగితం. అందులో జబ్బు పేరు కూడా రాయలేదు. ఇంచుమించు ఇలా ఉండేది:

“కాసేపట్లో అంటే వీడికి అర్థం కాదు, పది నిమిషాల తర్వాత అంటే అర్థమవుతుంది. తప్పు కనిపిస్తే చెప్పకుండా ఉండలేడు, నోట్‌బుక్ చివరి పేజీలో రాసి ఇంటర్వెల్‌లో చూపించు అంటే వింటాడు. మీ కళ్లలోకి చూడకపోయినా వింటూనే ఉంటాడు, చూడమని గట్టిగా అంటే ఇక మాట బుర్రకెక్కదు. చెవులు మూసుకుంటే అది బెల్లు మోతకి, మీ మీద కోపంతో కాదు.”

మాస్టారు నిలబడే చదివారు. “ఇంతేనా అమ్మా? ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే సరిపోయేది కదా” అన్నారు. ఆ కాగితం అటెండెన్స్ రిజిస్టర్ అట్ట లోపల అంటించుకున్నారు. లంచ్ బెల్లు కొట్టడానికి రెండు నిమిషాల ముందు సుద్దముక్కల డబ్బా ఇచ్చి వీడిని స్టాఫ్ రూముకి పంపేవారు. బెల్లేమో క్లాసు గుమ్మం పక్కనే, స్టాఫ్ రూమేమో వరండా చివర. ఆ ఏడాది డైరీలో ఫిర్యాదులు మూడే వచ్చాయి.

మీరు కూడా అలా రాసి ఇవ్వండి. నాలుగు విషయాలు దాటొద్దు. ‘వీడికి ఇది రాదు’ అని ఆపేయకుండా ‘ఇలా అంటే వింటాడు’ అన్నది కూడా పక్కనే రాయండి. స్పెషల్ ఎడ్యుకేటర్ ఉంటే సరే, లేకపోతే క్లాస్ టీచర్‌తో నేరుగా, పేరెంట్స్ మీటింగ్ రోజు కాకుండా ఇంకో రోజు, తాపీగా మాట్లాడండి. ఆ మీటింగ్ రోజున వెనక ఇరవై మంది లైన్లో ఉంటారు.

కాగితాల సంగతి కూడా వదలొద్దు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. గుర్తింపు ఉన్న స్కూళ్లు పిల్లాడి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేయాలని ఆ చట్టమే చెబుతోంది. కొట్టడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం ప్రకారం నిషేధం. వైకల్య సర్టిఫికెట్ కోసం సాధారణంగా ఆటిజం ఎంత తీవ్రంగా ఉందో కొలిచే ఐఎస్ఏఏ అనే పరీక్ష చేస్తారు, అందులో 40 అంశాలుంటాయి. స్కోరు 70 నుంచి 106 మధ్య ఉంటే మైల్డ్ అంటారు. మన దగ్గర ఈ సర్టిఫికెట్‌ని జనం సదరం అనే పిలుస్తారు, దానితో పాటు యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు కూడా తీసుకోండి. కాగితం మీద ఆస్పర్జర్స్ అని కాకుండా ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్ అని ఉండేలా చూసుకోండి. హైదరాబాద్ దగ్గర్లో ఉంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ నీపిడ్ ఉంది, పరీక్షలకీ సలహాకీ వెళ్లొచ్చు. మా వాడు సీబీఎస్ఈ పదో తరగతి రాసినప్పుడు మూడు గంటల పేపరుకి గంట అదనంగా ఇచ్చారు. సర్టిఫికెట్ చేతిలో ఉంది కాబట్టే అది సాధ్యమైంది. పిల్లాడికి ముద్ర పడుతుందని మా అత్తగారు చాలా బాధపడ్డారు. పొగరుబోతు అన్న ముద్ర అప్పటికే పడి ఉంది, దానికంటే ఇదే నయమని నేను అనుకున్నాను.

స్కూల్ మార్చాలా అంటే, వెంటనే వద్దు. వీళ్లకి కొత్త చోటు చాలా కష్టం. ముందు ఒక్క టీచర్ దొరుకుతారేమో చూడండి. కానీ కొడుతున్నా, నలుగురిలో నవ్వులపాలు చేస్తున్నా, చెప్పాక కూడా ఆపకపోయినా, ఒక్క రోజు కూడా ఆగకండి.

ఇక పక్క పిల్లాడిని తోయడం. మా వాడు నాలుగో తరగతిలో ఒకసారి మధ్యాహ్నం బ్యాగు తగిలించుకుని గేటు దాకా వెళ్లిపోయాడు. వాచ్‌మన్ ఆపాడు. పర్మిషన్ లేకుండా పారిపోతున్నాడని డైరీలో రాశారు. ఎందుకు వెళ్లావురా అని ఎన్నిసార్లు అడిగినా మాట్లాడడు. ‘ఎందుకు’ అనగానే తిడుతున్నామనుకుంటాడు. నాలుగు రోజుల తర్వాత కాగితం మీద గళ్లు గీసి, ఒక్కో గడిలో పుల్లల్లాంటి బొమ్మలు వేసి, “ఇక్కడ నువ్వు. పక్కన ఎవరున్నారు? ఏమన్నారు?” అని అడుగుతూ వచ్చాను. రెండో గడిలోనే బయటపడింది. ఇద్దరు పిల్లలు “సార్ నిన్ను ఇంటికెళ్లిపొమ్మన్నారు” అన్నారు. వీడు నమ్మాడు. ఏం చెప్పినా నమ్ముతాడని తెలిసి చాలా రోజులుగా అలా ఆటపట్టిస్తున్నారు. ఆ కాగితమే తీసుకెళ్లి చూపించాను.

మీ బాబుని కూడా తోసిన రోజు గురించి అలాగే అడగండి. భోజనం అయ్యాక, టీవీ కట్టేసి, పెన్సిల్ వాడి చేతికే ఇచ్చి, తోయడానికి ముందు గడి నుంచి మొదలుపెట్టండి.