ఫిల్టర్ బాటిల్ చేతిలో ఉంటే గెడ్డ నీళ్లు తాగేయొచ్చా?

అడిగినవారు పాడేరు వైపు ట్రెక్కింగ్‌కి వెళ్తున్నారట. నీళ్ల సీసాలు మోయలేక ఫిల్టర్ బాటిల్ ఒకటి కొందామనుకుంటున్నారు. "అది ఉంటే దారిలో ఏ నీళ్లైనా తాగేయొచ్చా, లేక డబ్బు దండగా?" అని ప్రశ్న.

కొనండి, దండగేం కాదు. కానీ "ఏ నీళ్లైనా" అన్నారు చూడండి, ఆ మాట చదవగానే నాకు గుప్పున డీజిల్ వాసన వచ్చింది. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

మాది గాజువాక. మా బావమరిది అమెరికాలో ఉంటాడు. ఇక్కడే పుట్టి, వీధి కుళాయి కింద దోసిలి పట్టి పెరిగినవాడే, ఇప్పుడు సెలవులకి వస్తే పళ్లు తోముకోవడానికి కూడా సీలున్న సీసా కావాలి. కొన్నేళ్ల కిందట కార్తీకమాసంలో వచ్చినప్పుడు ఈ ఫిల్టర్ బాటిల్ తెచ్చాడు. మెత్తటి సీసా, పిసికితే నీళ్లు మూతలోంచి వస్తాయి. మూత లోపల సన్నటి తెల్లటి గొట్టాల కట్ట ఉంటుంది, అచ్చం సేమ్యా కట్టలాగే. ఒక్కో సేమ్యా పోగు గోడకీ కంటికి ఆనని కన్నాలు, 0.1 మైక్రాను అని అట్ట మీద రాసుంది. మన వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్లు అనుకుంటే, ఆ కన్నం ఎంతో ఊహించుకోండి. టైఫాయిడ్, కలరా తెచ్చే బాక్టీరియా అందులోంచి దూరలేదు. విరేచనాలు తెచ్చిపెట్టే జియార్డియా అనే పరాన్నజీవి ఇంకా పెద్దది, అదీ దూరలేదు. ఇదంతా వాడు మా హాల్లో నిలబడి, బకెట్లో మట్టి కలిపి మరీ చూపించాడు. మా ఆవిడ ఆ బకెట్ ఎవరు కడుగుతారని అడిగింది. దానికి మాత్రం జవాబు రాలేదు.

ఆ ఆదివారం వనభోజనాలకి పొద్దున్నే కిరండూల్ రైలెక్కి బొర్రా గుహల్లో దిగాం. పులిహోర ఉంది, దద్దోజనం ఉంది, ఉసిరికాయ పచ్చడి ఉంది. అయిదు లీటర్ల నీళ్ల క్యాను మాత్రం రైల్లోనే కిరండూల్ వెళ్లిపోయింది. దాన్ని మర్చిపోయింది ఎవరన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలని కేసు. బావమరిది మొహం వెలిగిపోయింది. వాడి బాటిల్‌కి ఇంతకన్నా మంచి ముహూర్తం ఏం దొరుకుతుంది?

స్టేషన్ బయట జీపు మాట్లాడుకుని లోపలికి వెళ్లాం. రోడ్డు అయిపోయినచోట డ్రైవర్ దింపేసి, మూడింటికి ఇక్కడే ఉంటానన్నాడు. అక్కణ్నుంచి కాలిబాటలో అరగంట నడిస్తే ఒక గెడ్డ, అదే కొండవాగు. వానలు తగ్గాయి కాబట్టి నీళ్లు అద్దంలా ఉన్నాయి, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టుకోవచ్చు. పక్కనే ఉసిరి చెట్టు. దాని కింద మాకంటే ముందొచ్చినవాళ్ల పేపరు ప్లేట్లు, నీళ్ల ప్యాకెట్లు. ఉసిరి చెట్టు కింద తింటే పుణ్యం అన్న సంగతి అందరికీ తెలుసు, తిన్నాక ఆ ప్లేట్లు ఎవరు ఎత్తాలో ఏ పురాణంలోనూ రాయనట్టుంది. వంజంగి కొండ మీద మేఘాలు చూడ్డానికి వెళ్లినా ఇదే పరిస్థితి, కిందన మేఘాలు, కాళ్ల దగ్గర సీసాలు. సరే, దారి తప్పాను.

వాడు గెడ్డ ఒడ్డున గొంతుక్కూర్చున్నాడు. నేను ఫోన్‌లో వీడియో తియ్యాలి, అది ఆర్డరు. సీసా ముంచి, మూత బిగించి, స్టీలు గ్లాసులోకి పిసికి, ఎనిమిదేళ్ల కొడుక్కి ఇచ్చాడు. వాడు ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయాడు.

"నాన్నా, పెట్రోల్ బంకు వాసన వస్తోంది."

"ఫిల్టర్ అయిపోయిందిరా, తాగు."

"నువ్వు తాగు."

ఆ బుద్ధి ఆ పిల్లాడికి ఎక్కణ్నుంచి వచ్చిందో గానీ, ఆ రోజుకి అందరికంటే తెలివైనవాడు వాడే. నేను గ్లాసు తీసుకుని చూశాను. నీళ్లు తేటగా ఉన్నాయి, పైన మాత్రం కొబ్బరిపీచంత సన్నటి రంగుల గీత తిరుగుతోంది. అంతలో తలమీద తప్పేలాతో ఒక ముసలమ్మ కాలిబాటలో వెళ్తూ ఆగి, మా వంక చూసి నవ్వింది.

"ఏటి బాబూ, ఆ నీళ్లు పట్టుకున్నారా? పైన జీపు కడుగుతన్నారు కదా!"

ఆవిడ చూపించిన వైపు గెడ్డ వెంట ఎక్కాం. రెండు మలుపులు దాటాక బండి దారి గెడ్డకి అడ్డంగా దాటేచోట, నడిమి నీళ్లలో జీపు, ప్యాంటు మోకాళ్లపైకి మడిచిన మనిషి, సబ్బు నురగ. అది మేం వచ్చిన జీపే. మా డ్రైవరే. మమ్మల్ని చూసి ఎంత సంతోషించాడో. "మూడింటిదాకా ఖాళీయే కదా సార్, శుభ్రంగా కడిగేస్తే మీకే బాగుంటాదని!"

అతన్ని ఏమని తిట్టగలం చెప్పండి.

ఆ సేమ్యా కట్ట పురుగుల్ని పట్టుకుంటుంది. నీళ్లలో కరిగిపోయినవాటిని పట్టుకోలేదు. సబ్బు, ఉప్పు, పొలాల్లోంచి కొట్టుకొచ్చిన పురుగుమందు, ఇవన్నీ ఆ కన్నాల్లోంచి దర్జాగా వచ్చేస్తాయి. డీజిల్ కూడా వాసన పోకుండా వచ్చిందంటే నమ్మండి. కొన్ని బాటిళ్లలో బొగ్గు కార్ట్రిజ్ కూడా ఉంటుంది, అది వాసనల్నీ క్లోరిన్‌నీ కొన్ని రసాయనాల్నీ పీల్చుకుంటుంది. మావాడి బాటిల్‌కీ ఉందట, విడిగా అమ్ముతారట, బరువెందుకని తేలేదట. బొగ్గుంది కదా అని దానికీ డీజిల్ నీళ్లు పట్టకూడదనుకోండి. ఒకసారి ఒకాయన నన్ను ఆర్కే బీచ్‌లో సముద్రం నీళ్లు దీంట్లో పోసి తాగొచ్చా అని సీరియస్‌గా అడిగాడు. లీటరుకి ముప్పై అయిదు గ్రాముల ఉప్పు ఉంటుంది బాబూ, అటు పోసినంత ఉప్పూ ఇటు వస్తుంది.

దీనికి తోడు మా పక్కింటాయన ఒకరు. జేబులో పెన్నులాంటి టీడీఎస్ మీటరు పెట్టుకు తిరుగుతారు. మా బాటిల్‌లో పోయకముందు ఎంతుందో పోశాక కూడా అంతే చూపించింది. "పని చెయ్యట్లేదండీ ఇది, మోసం" అని తీర్పిచ్చేశారు. టీడీఎస్ అంటే కరిగిన లవణాల లెక్క. ఆ మీటరుకి కలరా పురుగు ఎదురుగా నిలబడ్డా కనబడదు. ఇంటింటికీ, ఆ లవణాల్ని తీసేసే ఆర్వో మిషన్ అమ్మడానికి ఈ పెన్ను ఎంత సాయం చేసిందో చెప్పలేను. టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటని నీళ్లకి ఆర్వో వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. అయినా మా వీధిలో ప్రతి ఇంటి వెనకా ఆర్వో గొట్టంలోంచి మంచి నీళ్లు సగానికి సగం డ్రైనేజీలోకి పోతూనే ఉన్నాయి.

ఇంతకీ ఆ రోజు నీళ్ల సంగతి. ముసలమ్మ తప్పేలా దింపకుండానే మమ్మల్ని పక్క దారిలో కొండమీదికి తీసుకెళ్లింది. పెద్ద బండ కింద ఊట. సగానికి చీల్చిన వెదురుబొంగు ఒకటి బండ సందులో దోపారు, దాని చివర బొటనవేలంత ధార. చుట్టూ ముళ్లకంప, పశువులు రాకుండా. స్నానాలూ గుడ్డలూ అన్నీ కిందనే, ఊట దగ్గర చెప్పులు కూడా విడిచే వెళ్లాలి. గెడ్డ అంత దగ్గర్లో ఉండగా ఇంత పైకెక్కి ఎందుకు పట్టుకుంటారని మా అమ్మాయి అడిగితే, "గెడ్డ అందరిదీ కదమ్మా" అంది. అందరిదీ అంటే గేదెలదీ, జీపులదీ అన్నమాట.

బావమరిది సీసా మూడుసార్లు కడిగి, ఊట నీళ్లు పట్టి, పిసికి తాగాడు. ముఖం చిట్లించాడు, రబ్బరుకి పట్టిన వాసన పోదుగా. నేను మాత్రం ధార కింద దోసిలి పట్టి తాగేశాను. చెయ్యకూడదు, చేశాను. నాకేమీ కాలేదు కాబట్టి మీకూ ఏమీ కాదని మాత్రం అనను.

కాబట్టి పాడేరు వెళ్లేవారికి నా సలహా: ముందు పైకి చూడండి, తర్వాత బాటిల్ తియ్యండి. గెడ్డకి పైన ఊరుందా, పశువులున్నాయా, రోడ్డుందా? దగ్గర్లో ఊరుంటే తాగే నీళ్లు ఎక్కడ పట్టుకుంటారో ఆడవాళ్లని అడగండి. మగవాళ్లని అడిగితే ఎదురుగా కనబడే నీళ్లే చూపిస్తారు, ఇది నా అనుభవం. ఆ ఊట నీళ్లు ఫిల్టర్‌లో పోసి తాగండి, అప్పుడు ఆ బాటిల్ నిజంగా బంగారం.

ఇంకో సంగతి అమ్మేవాళ్లు చిన్న అక్షరాల్లో రాస్తారు. వైరస్‌లు దీంట్లో ఆగవు. పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ వైరస్ దాదాపు 0.03 మైక్రానే ఉంటుంది, 0.1 కన్నం దానికి సింహద్వారం. మా పిన్నికొడుకు ఒక జాతరలో ట్యాంకరు నీళ్లు ఇలాంటి బాటిల్‌తోనే తాగాడు, నెల తిరక్కుండా కళ్లు పచ్చబడ్డాయి. ఆ నెలలో వాడు పానీపూరీలు తిన్న బళ్లు కూడా బోలెడు, డాక్టరుగారు దేన్నీ తేల్చి చెప్పలేదు. నేను మాత్రం ఆ ట్యాంకరే అంటాను. మనుషులు గుంపుగా ఉన్నచోట, మురుగు కలిసే అవకాశం ఉన్నచోట నీళ్లు మరిగించాల్సిందే. బుడగలు తెర్లిపోతూ ఒక్క నిమిషం మరిగితే చాలు, అరకు ఎత్తులో కూడా అంతే. చిన్న గిన్నె, అగ్గిపెట్టె సంచిలో ఉంటే ఏ అమెరికా సరుకూ దాని ముందు నిలవదు. క్లోరిన్ బిళ్లలూ మంచివే, అరగంట ఆగాలి, మన జనానికి ఆగే ఓపిక ఉండదు.

వానాకాలం ఎర్రనీళ్లు నేరుగా పోస్తే పది సీసాలకే సేమ్యా కట్ట పూడుకుపోతుంది, పిసికీ పిసికీ చేతులు పడిపోతాయి. పాత నూలు చీర ముక్క నాలుగు మడతలు వేసి వడగట్టి పోయండి. మా అమ్మమ్మ కుళాయికి గుడ్డ కట్టేది, మేం నవ్వేవాళ్లం. బంగ్లాదేశ్ పల్లెల్లో పాత చీరని అలా మడతపెట్టి వడగడితే కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో శాస్త్రవేత్తలు తేల్చారు, ఆ పురుగు నీళ్లలోని చిన్న చిన్న జీవాల్ని అంటిపెట్టుకుని ఉంటుందట. అమ్మమ్మకి ఈ ముక్క చెప్పేలోపే పోయింది.

లంబసింగి వెళ్లి చలికాలంలో టెంట్ వేసేవారు ఇంకొకటి గుర్తుంచుకోండి. వాడిన ఫిల్టర్‌లో తడి ఉంటుంది. అది గడ్డకడితే పోగులు చిట్లుతాయి, బయటికి ఏమీ తెలీదు, తెల్లారి మామూలుగానే నీళ్లొస్తాయి. రాత్రి దుప్పట్లో మీతోపాటే పడుకోబెట్టుకోండి. మూత తిప్పేటప్పుడు వడగట్టని నీటి చుక్క నోరుపెట్టే చోట పడితే ఇంత వడపోతా వృథా, తడి చేత్తో అక్కడ ముట్టుకోకండి.

ఆ బాటిల్ మా బావమరిది నాకే వదిలేసి వెళ్లాడు, "నువ్వే ఉంచుకో బావా" అని, ఏదో ఆస్తి రాసిచ్చినట్టు. చింతపండు పెట్టి తోమాం, ఎండబెట్టాం, సీసా వాసన పోవడానికి నెల పట్టింది. ఆ మూత మాత్రం పారేసి కొత్తది తెప్పించాను. ఇప్పటికీ అటు వెళ్తే ఆ డ్రైవర్ జీపే మాట్లాడుకుంటాం, మంచి మనిషి. ఎక్కే ముందు మా ఆవిడ బేరం కూడా ఆడదు, ఒక్కటే అడుగుతుంది: "బాబూ, జీపు ఇంటి దగ్గరే కడుక్కొచ్చావా?"